టెక్స్‌చర్ అనే మాటని ఇంగ్లీష్‌లో ఎలా వాడాలి: చీర దగ్గర్నుంచి చెగోడీ దాకా

మా పిన్ని కూతురు మంగళగిరి, గద్వాల చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ఫోటోలు తను తీస్తుంది, కింద ఇంగ్లీష్‌లో నాలుగు ముక్కలు రాసే పని మాత్రం నా నెత్తిన పెట్టింది, "నువ్వు ఇంగ్లీష్ మీడియం కదా అక్కా" అని. మొదట్లో నేను ప్రతి చీర కింద ఒకటే రాసేదాన్ని, గుడ్ టెక్స్‌చర్, వెరీ నైస్ టెక్స్‌చర్, ప్రీమియం టెక్స్‌చర్, చూడ్డానికి ఘనంగానే ఉండేది. ఓ రోజు డాలస్ నుంచి ఒకావిడ మెసేజ్ పెట్టింది, "నైస్ టెక్స్‌చర్ అంటే ఏంటండీ, మెత్తగా ఉంటుందా, గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంటుందా, ఒంటికి గుచ్చుకుంటుందా?" అని. చదివి గతుక్కుమన్నా. ఆవిడ అడిగిన మూడూ టెక్స్‌చర్ గురించే, నేను రాసిన దాంట్లో ఒక్కదానికీ జవాబు లేదు.

అక్కడ నాకు బుర్రకెక్కింది ఏంటంటే, టెక్స్‌చర్ అనేది రంగు అనే మాట లాంటిది. "ఈ చీర మంచి రంగు" అంటే ఎదుటివాళ్లకి ఏం తెలుస్తుంది, నెమలికంఠమా, ఆనందబ్లూనా, ఏదో ఒకటి చెప్పాలి కదా. టెక్స్‌చర్ కూడా అంతే, దాని ముందో వెనకో ఇంకో మాట లేకపోతే ఖాళీ డబ్బా.

అసలు ఈ మాట పుట్టింది మగ్గం మీదే. లాటిన్‌లో టెక్సెరే అంటే నేయడం, అందులోంచే టెక్స్‌టైల్ వచ్చింది, టెక్స్ట్ కూడా వచ్చింది, కాంటెక్స్ట్ కూడా, ఫ్రెంచ్ మీదుగా తిరిగొచ్చిన టిష్యూ కూడా. అంటే మొదట్లో దాని అర్థం అచ్చంగా మన "నేత". పడుగు, పేక ఎలా కలిశాయి, పోగు సన్నమా లావా, అల్లిక ఒత్తుగా ఉందా పల్చగా ఉందా, ఇదంతా కలిపి గుడ్డకి వచ్చే గుణం. తర్వాత మెల్లిగా గుడ్డ దాటి అన్నిటికీ పాకింది, చేత్తో తాకితే తెలిసేది, నోట్లో నమిలితే తెలిసేది, చివరికి కంటితో చూసి చెప్పేది, చెవితో వినేది కూడా.

మన సమస్య ఏంటంటే టెక్స్‌చర్ అనే దానికి రోజూ వాడే ఒక్క తెలుగు మాట లేదు. కానీ ఒక్కో రకం టెక్స్‌చర్‌కి మాటలు మాత్రం బోలెడు ఉన్నాయి మనకి. నునుపు, గరుకు, బరక, జిగట, గుల్ల, పీచు పీచు, పొరలు పొరలు, పొడిపొడి, పలుకు, ముద్ద, కరకర, రవ్వరవ్వ. ఇవన్నీ మా అమ్మమ్మ ఏ ఇంగ్లీషూ రాకుండా రోజుకి యాభై సార్లు వాడేది. కాబట్టి నేను చెప్పే పద్ధతి ఒకటే, ముందు ఆ వస్తువుని తెలుగులో తిట్టుకోండి లేదా మెచ్చుకోండి, "ఈ ఉప్మా ఉండలు కట్టింది", "ఈ గోడ గరగరలాడుతోంది" అని, తర్వాత ఆ తెలుగు మాటకి ఇంగ్లీష్ మాట వెతకండి, టెక్స్‌చర్ అనేది ఆఖర్న తగిలించండి. ఉల్టా చేస్తే, అంటే ముందు టెక్స్‌చర్ అని మొదలెడితే, నైస్ దగ్గరే ఆగిపోతాం నాలాగా.

తగిలించడం ఎలా అంటే, ఎక్కువగా వినపడే వాక్యాలు మూడు నాలుగే. "ఇట్ హాజ్ ఎ స్మూత్ టెక్స్‌చర్", దీంట్లో ఆ "ఎ" మింగేయొద్దు, మనం తరచూ మింగేస్తాం. "ఇట్ ఈజ్ స్మూత్ ఇన్ టెక్స్‌చర్", ఇందులో మాత్రం "ఎ" రాదు. "ద టెక్స్‌చర్ ఈజ్ ఎ బిట్ గ్రెయినీ", ఇది మాట్లాడేటప్పుడు బాగా వాడతారు. ఇంకా "విత్" తో, "ఎ సాఫ్ట్ ఫాబ్రిక్ విత్ ఎ స్లైట్లీ రఫ్ టెక్స్‌చర్". రెండు మూడు రకాలు కలిసి ఉంటే బహువచనం, "డిఫరెంట్ టెక్స్‌చర్స్". ఏ ప్రత్యేకతా లేక చప్పగా, ఒకేలా ఉంటే "ఇట్ లాక్స్ టెక్స్‌చర్" అంటారు, ఏదైనా కలిపి దాన్ని సరిచేస్తే "యాడ్ టెక్స్‌చర్". పెరుగన్నంలో వేయించిన జీడిపప్పు, దానిమ్మ గింజలు వేశారనుకోండి, రుచి కోసం కొంత, యాడ్ టెక్స్‌చర్ కోసం కొంత.

ఇంక తిండి. ఈ మాట ఇంగ్లీష్‌లో ఎక్కువ వినపడేది ఇక్కడే, మనం ఎక్కువ తప్పు చేసేది కూడా ఇక్కడే. మొదటి తప్పు, రుచినీ దీన్నీ కలిపేయడం. "స్వీట్ టెక్స్‌చర్", "స్పైసీ టెక్స్‌చర్" అనరు, తీపి, కారం అనేవి టేస్ట్ లోకి వెళ్తాయి. నాలుకకి తెలిసేది ఒకటి, పళ్లకీ అంగిలికీ తెలిసేది ఇంకొకటి అని గుర్తుపెట్టుకుంటే చాలు. రెండో తప్పు, క్రిస్పీ, క్రంచీ ఒకటే అనుకోవడం. పల్చగా ఉండి ఇట్టే విరిగేది క్రిస్పీ, పేపర్ దోశ, అప్పడం. కాస్త మందంగా ఉండి, నమిలినంతసేపూ చప్పుడు చేస్తూనే ఉండేది క్రంచీ, చెగోడీ, సకినాలు, పచ్చి క్యారెట్. పచ్చి క్యారెట్‌ని క్రిస్పీ అన్నా ఎవరూ కొట్టరు గానీ చెగోడీని మాత్రం క్రంచీ అంటేనే న్యాయం.

మెత్తనివాటిలో ఇంకా తేడాలుంటాయి. ఇడ్లీ బాగా వస్తే ఫ్లఫీ లేదా స్పంజీ, అన్నం మరీ ఉడికి ముద్దయితే మషీ, మిరపకాయ బజ్జీ పొట్లంలో అరగంట ఉండి మెత్తబడితే సాగీ. సాగీ అంటే తడి తగలకూడనిదానికి తడి తగిలింది అని, ఎప్పుడూ తిట్టే. పప్పు బాగా ఎనిపితే స్మూత్ లేదా క్రీమీ. మటన్ లేతగా ఉడికితే టెండర్, ఉడక్కపోతే టఫ్, పనీర్ గానీ రొయ్యలు గానీ ఎక్కువసేపు పొయ్యి మీద ఉంచితే రబ్బరీ. ముదిరిన చిక్కుడుకాయ నార స్ట్రింగీ, ఆకుకూర సరిగ్గా కడక్కపోతే పంటి కింద ఇసుక గ్రిటీ, ఉప్మా గానీ జావ గానీ ఉండలు కడితే లంపీ. మడత కాజా పొరలు పొరలుగా ఊడొస్తుంది చూడండి అది ఫ్లేకీ, సున్నుండ పట్టుకోగానే రాలిపోతే క్రంబ్లీ, జీడిపాకం పళ్లకి అంటుకుని సాగితే చ్యూయీ. పాతబడ్డ యాపిల్ కొరికితే పిండిపిండిగా ఉంటుంది కదా, రసం లేకుండా, దానికి కూడా మాట ఉంది, మీలీ. పూతరేకు మాత్రం నాకు ఇప్పటికీ ఒక్క మాటలో కుదర్లేదు, పేపరీ అంటే అవమానంగా ఉంటుంది, డెలికేట్, పేపర్-థిన్, మెల్ట్స్ ఇన్ ద మౌత్ అని మూడు కలిపి రాస్తాను.

ఒకే మాట ఒకచోట పొగడ్త, ఇంకోచోట తిట్టు అవుతుంది, అది చూసుకోవాలి. పూస కట్టిన నెయ్యిని గ్రెయినీ టెక్స్‌చర్ అంటే మెచ్చుకున్నట్టు, మంచి నెయ్యికి అదే గుర్తు మనకి, కానీ ఐస్‌క్రీమ్‌ని గ్రెయినీ అంటే ఐసు పలుకులు తగులుతున్నాయి, బాలేదు అని. అన్నం పలుకుగా ఉంది అనడానికి మన ఇళ్లల్లో కొందరు గొడవ పడతారు, ఇంగ్లీష్‌లో మాత్రం "ఇట్ హాజ్ ఎ బిట్ ఆఫ్ బైట్" అంటే చాలాసార్లు మెచ్చుకోలే.

మన వంట వీడియోల్లో "ఈ టెక్స్‌చర్ వచ్చేదాకా కలుపుకోండి" అని గరిటె ఎత్తి పిండి జారుస్తూ చూపిస్తారు కదా, అక్కడ సరైన మాట కన్సిస్టెన్సీ. చిక్కగా ఉందా పల్చగా ఉందా, జారుతుందా నిలబడుతుందా, ఇది కన్సిస్టెన్సీ. పిండి వేళ్ల మధ్య రాస్తే మెత్తగా ఉందా బరకగా ఉందా, ఇది టెక్స్‌చర్. పెసరట్టు పిండి కొంచెం బరకగా రుబ్బుకుంటారు కొందరు, దాన్ని "కోర్స్ టెక్స్‌చర్, పోరింగ్ కన్సిస్టెన్సీ" అని ఒకే వాక్యంలో రాయొచ్చు, రెండూ వేరే వేరే సంగతులే. మామూలు మాటల్లో కలిపేసినా కొంప మునగదు గానీ రెసిపీ రాసేటప్పుడు కలిపితే చదివి వండేవాళ్ల అట్లు పెనం వదలవు.

అమెరికాలో, లండన్‌లో ఉన్నవాళ్లకి ఇంకో వాడకం తగులుతుంది, "ఇట్స్ ఎ టెక్స్‌చర్ థింగ్". మీరు ప్రేమగా బెండకాయ పులుసు పట్టుకెళ్తే ఆఫీసులో ఒకరు ఒక ముద్ద తిని పక్కన పెట్టి ఈ మాట అంటారు. రుచి బాలేదని కాదు, ఎలర్జీ కాదు, ఆ జిగట నాకు నోట్లో పడదు అని అర్థం. మష్రూమ్, వంకాయ, ఆయిస్టర్ లాంటి వాటికి ఎక్కువగా వింటాం. ఇది మర్యాదగా వద్దనే పద్ధతి కూడా, కాబట్టి "లేదు లేదు ఇంకో రెండు ముక్కలు తినండి, అలవాటవుతుంది" అని మన స్టైల్లో బలవంతం చేయొద్దు. పిల్లల విషయంలో అయితే ఇంకా సీరియస్‌గా వాడతారు, కొంతమంది పిల్లలకి, ముఖ్యంగా ఆటిజం ఉన్న కొందరికి, కొన్ని రకాల తిండి, కొన్ని రకాల గుడ్డలు తగిలితేనే తట్టుకోలేరు, అప్పుడు "హి ఈజ్ సెన్సిటివ్ టు టెక్స్‌చర్స్" అంటారు. స్కూల్ ఫామ్‌లో ఆ మాట కనపడితే రుచి గురించి అనుకోకండి.

తిండి వదిలే ముందు ఒక్క ముక్క, మీల్ మేకర్. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో టెక్స్‌చర్డ్ సోయా ప్రోటీన్ అని గానీ టెక్స్‌చర్డ్ వెజిటబుల్ ప్రోటీన్ అని గానీ కనపడుతుంటుంది. ఇక్కడ టెక్స్‌చర్డ్ అంటే టెక్స్‌చర్ "పెట్టిన" అని. నూనె తీసేసిన సోయా పిండిని వేడితో, ఒత్తిడితో మిషన్‌లోంచి నెట్టితే లోపల ప్రోటీన్ పీచులా తయారవుతుంది, అందుకే నానబెట్టి కొరికితే మాంసం లాగా పీచు పీచుగా తగులుతుంది. పిండికి లేని నములుడుని తెచ్చి పెట్టారన్నమాట, ఆ పేరు అందుకే. గోడల దగ్గర వినే టెక్స్‌చర్ పెయింట్ కూడా ఈ లెక్కే, నున్నటి గోడ మీద కావాలని గీతలు, గింజలు, గరుకు తెప్పిస్తారు. మెరుపు ఉందా లేదా అనేది మాత్రం టెక్స్‌చర్ కిందకి రాదు, మ్యాట్, గ్లాసీ అనేవాటిని ఫినిష్ అంటారు. పెయింటర్ దగ్గర రెండూ వేరువేరుగా చెప్పాలి, మేం చెప్పక హాల్లో ఒక గోడ మొత్తం గరుకుగా వచ్చింది, పక్కగా పోతే మోచెయ్యి గీరుకుంటుంది.

బట్టల సంగతికి వస్తే మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు "టెక్స్‌చర్ ఈజ్ కాటన్" అనడం. కాటన్ మెటీరియల్ లేదా ఫాబ్రిక్. ఒకే కాటన్‌లో మల్‌మల్ మెత్తగా గాలిలా ఉంటుంది, చేనేత దుప్పటి గరుకుగా ఉంటుంది, తేడా మెటీరియల్‌లో లేదు, టెక్స్‌చర్‌లో ఉంది. నూలు కౌంట్ పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, 60 కౌంట్ కంటే 100 కౌంట్ సన్నం, అప్పుడు ఫైన్ టెక్స్‌చర్ అంటాం. ఫైన్ అంటే ఇక్కడ "బాగుంది" కాదండోయ్, సన్నని, సున్నితమైన అని, దానికి ఎదురుమాట కోర్స్. టస్సర్ పట్టులో అక్కడక్కడ పోగు లావుగా ముడిలా తగులుతుంది చూడండి, దాన్ని స్లబ్బీ అంటారు, అది డ్యామేజ్ కాదని కొనేవాళ్లకి ముందే రాసి పెట్టడం మంచిది, లేకపోతే రిటర్న్ వస్తుంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన కాటన్ క్రిస్ప్, చివర్లో "ఈ" అనే శబ్దం తగిలించి క్రిస్పీ అన్నారో నమిలి తినేదైపోతుంది. కుచ్చిళ్లు ఎలా జారుతున్నాయి, ఒంటికి ఎలా అమరుతుంది అనేది డ్రేప్, ప్రింట్‌లో పువ్వులూ గళ్లూ ప్యాటర్న్. కళ్లు మూసుకుని చేత్తో నిమిరితే తెలిసేదైతే టెక్స్‌చర్, తెలియకపోతే ప్యాటర్న్, నేను ఇలాగే చూసుకుంటా. ఉప్పాడ జాందానీ బుటా మీద వేలు పెడితే కొంచెం తెలుస్తుంది, కాబట్టి అక్కడ రెండూ ఉన్నాయి.

చర్మం గురించి అయితే టోన్ వేరు, టెక్స్‌చర్ వేరు. టోన్ రంగు, టెక్స్‌చర్ నునుపు, గుంటలు, పొలుసులు, మొటిమల తాలూకు ఎత్తుపల్లాలు. క్రీమ్ యాడ్‌లో "ఇంప్రూవ్స్ స్కిన్ టెక్స్‌చర్" అంటే తెల్లబడతారని అనుకోవద్దు. ఆ క్రీమ్‌కీ సొంత టెక్స్‌చర్ ఉంటుంది, లైట్, గ్రీసీ, స్టికీ, జెల్ లాంటిది. జుట్టు దగ్గర టెక్స్‌చర్ అంటే ఎక్కువమంది ఉంగరాల జుట్టా సాదా జుట్టా అనే అనుకుంటారు, మాటల్లో అలా కూడా వాడతారు, కానీ సెలూన్‌లో తెలిసినవాళ్లు అడిగేది ఒక్కో వెంట్రుక మందం గురించి, ఫైన్, మీడియం, కోర్స్. రాలిన ఒక వెంట్రుకని బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి రాయండి, తగిలీ తగలనట్టుంటే ఫైన్, దారంలా స్పష్టంగా తగిలితే కోర్స్. "వుడ్ యూ లైక్ సమ్ టెక్స్‌చర్ ఆన్ టాప్?" అని అడిగితే పైన ఒకే ఎత్తులో కాకుండా కొంచెం ఎగుడుదిగుడుగా కత్తిరించనా అని, భయపడకండి.

స్కానింగ్ రిపోర్ట్‌లో ఈ మాట చూసి కంగారు పడేవాళ్లు చాలామంది. అబ్డామెన్ అల్ట్రాసౌండ్ చేయిస్తే లివర్ ఎదురుగా "నార్మల్ ఇన్ సైజ్ అండ్ ఎకోటెక్స్‌చర్" అని ఉంటుంది. మా పక్కింటి ఆంటీ అది పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, "ఏంటమ్మా ఇది, లివర్ గరుకైందా" అని. ఎవరూ లివర్‌ని తాకి చూడరు కదా, పంపిన శబ్ద తరంగాలు తిరిగొచ్చి తెర మీద చుక్కలు చుక్కలుగా బొమ్మ వస్తుంది, ఆ చుక్కలు ఎలా పరుచుకున్నాయనేది ఎకోటెక్స్‌చర్. అంతటా ఒకేలా ఉంటే హోమోజీనియస్, ఎక్కడికక్కడ తేడాగా ఉంటే హెటరోజీనియస్. ఆంటీ రిపోర్ట్‌లో నార్మల్ అనే ఉంది, అది చదవకుండా పక్క మాట దగ్గర ఆగిపోయింది. తేడాగా రాసి ఉంటే దాని అర్థం డాక్టర్‌నే అడగాలి, ఈ మాట అర్థం తెలిసినంత మాత్రాన జబ్బు తెలిసినట్టు కాదు.

పొలం ఉన్నవాళ్లకి సాయిల్ టెక్స్‌చర్ అంటే చాలా కచ్చితమైన మాట. మట్టిలో ఇసుక, ఒండ్రు, బంకమట్టి ఏ పాళ్లలో ఉన్నాయి అని, అంతే, రంగూ సారం లెక్కలోకి రావు. అమెరికా వ్యవసాయ శాఖ కొలత ప్రకారం 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 దాకా ఇసుక, అక్కడి నుంచి 0.002 దాకా సిల్ట్, దాని కంటే చిన్నది క్లే, ఈ మూడూ కలిసే పాళ్లని బట్టి 12 రకాల పేర్లు. చేత్తో చూసే పద్ధతి కూడా ఉంది, తడి మట్టి ఉండని బొటనవేలితో నొక్కుతూ రిబ్బన్‌లా బయటికి తోయాలి, 2.5 సెంటీమీటర్ల లోపే తెగిపోతే లోమ్, అంటే మూడూ కలగలిసిన మట్టి వైపు, 5 దాటి సాగితే క్లే. నల్లరేగడి మట్టితో చేస్తే రిబ్బన్ సాగుతూనే ఉంటుంది, చల్కా నేల మట్టి మధ్యలోనే పుటుక్కున తెగుతుంది. మంచి మట్టి అనే అర్థంలో "గుడ్ టెక్స్‌చర్" అని అక్కడ రాస్తే అగ్రికల్చర్ చదివినవాళ్లు నవ్వుతారు.

గేమ్స్ ఆడే పిల్లలు "టెక్స్‌చర్స్ లోడ్ అవ్వట్లేదు" అంటే అది తాకేది కాదు, త్రీడీ బొమ్మ మీద అతికించే పైతొడుగు, ఇటుక గోడ బొమ్మో చెట్టు బెరడు బొమ్మో. పిక్సార్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎడ్ క్యాట్‌మల్ 1974లో తన పీహెచ్‌డీ థీసిస్‌లో ఈ పద్ధతి చూపించాడు. సంగీతంలో అయితే ఒకేసారి ఎన్ని గొంతులు, వాయిద్యాలు ఎలా పెనవేసుకున్నాయన్నది టెక్స్‌చర్, ఒక్క గొంతే ఉంటే థిన్, అన్నీ కలిసి మోగితే థిక్ లేదా డెన్స్. కథల గురించి, సినిమాల గురించి రాసేవాళ్లు "ద టెక్స్‌చర్ ఆఫ్ ఎవ్రీడే లైఫ్" అంటుంటారు, చిన్న చిన్న వివరాలతో అల్లుకున్న బతుకు అని, నేత అర్థం అక్కడ మళ్లీ కనపడుతుంది. బాగానే ఉంటుంది గానీ వ్యాసానికి ఒకసారి చాలు, ప్రతి పేరాలో వస్తే విసుగు.

పలకడం గురించి కూడా చెప్పేస్తా, ఒత్తు మొదటి అక్షరం మీద, టెక్స్-చర్, మధ్యలో "ట్యూ" లాగొద్దు.

ఇంతా నేర్చుకున్నాక మొన్న ఒక గద్వాల చీర కింద ఇలా రాశా: "లైట్, స్లైట్లీ క్రిస్ప్ కాటన్ బాడీ విత్ ఎ స్మూత్ సిల్క్ బార్డర్, సాఫ్టెన్స్ విత్ ఎవ్రీ వాష్". మా చెల్లి చదివి, "అక్కా, టెక్స్‌చర్ అనే మాటే లేదేంటి ఇందులో?" అంది. చూస్తే నిజమే, లేదు. డాలస్ ఆవిడకి కూడా అది పంపింది, ఆవిడ ఈసారి గుచ్చుకుంటుందా అని అడగలేదు, ఫాల్ కుట్టించి పంపుతారా అని అడిగింది.